గుండు లీగు, బద్ద లీగు

టెక్కలి, మార్చి 2006

తమ్ముడు వరప్రసాదుకు అక్క వందనాలు. ప్రార్థన చేసుకునే రాయడానికి కూర్చున్నాను. అయినా కోపం తగ్గలేదు.

నువ్వు కబడ్డీ లీగు మొదలుపెట్టిన ఏడాది ఒక ఉదయం గుర్తుందా? నేను అరుగు మీద జీడిపప్పు పొట్టు తీస్తున్నాను. నాన్న టీలో రొట్టె ముంచుకుని తింటున్నారు. నువ్వు నా చేటలోంచి పప్పు తీసి పేర్చావు. పైవరసలో విరగని గుండ్లు, అవి పెద్ద జట్లు. కిందివరసలో రెండుగా విడిన బద్దలు, అవి చిన్న జట్లు. ఆటగాళ్లందరికీ జీతాలన్నావు. ఏటా పైన ఆఖరున నిలిచిన జట్టు కిందికి దిగాలి, కింద గెలిచింది పైకెక్కాలి అన్నావు.

"బద్ద గుండవుద్దేట్రా?" అని నాన్న నవ్వారు.

"మా లీగులో అవుద్ది నాన్నా, సూడు."

ఆ మాట నచ్చే ఆయన తన పేరున కప్పు చేయించారు. ఊరంతా గుండు లీగు, బద్ద లీగు అనే పిలిచింది.

ఈ ఏడు నువ్వు పెంచిన పలాస జట్టు గుండు లీగులో ఆఖరున నిలిచింది. బద్ద లీగులో ఉద్దానం రేవు పిల్లలు గెలిచారు. లీగు కార్యదర్శివి నువ్వే కనుక, ఈసారి ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు అన్నావు. వాళ్ల కెప్టెన్ రాజేంద్ర అడిగితే, "సేపలు పట్టుకునేవోలకి గుండు లీగెందుకురా?" అన్నావట. అతను మన గుమ్మంలో నిలబడి ఆ మాట చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. నాన్న పోయారు, ఇక అడిగేవాళ్లు లేరనుకున్నావు.

ఈ సాయంత్రం అమ్మ, చెల్లి నయోమి, నేను కూర్చుని నిర్ణయించాం. నాన్న కప్పు నీ లీగుకు రాదు. ఆదివారం ఆరాధన కాగానే అమ్మ రేవుకెళ్లి రాజేంద్ర చేతికిస్తుంది.

నీ జట్టు సంగతేమిటని నయోమి అడిగితే అమ్మ అంది: "దిగితే ఏటవుద్ది? మల్లీ ఎక్కొచ్చని ఆడే సెప్పాడు కదా."