వాటర్ కూలర్, సదుం పెళ్లి క్యాసెట్టు

చేతన్,

కంప్యూటర్‌కు నువ్వు బిగించిన వాటర్ కూలర్ పనికిరాదు. పెళ్లి వీడియో మిక్సింగ్ సగంలో ఉండగా ప్రాసెసర్ వేడెక్కి కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది. ఒక గొట్టం కాలిపోతోంది, రెండోది చల్లగా ఉంది. లోపల నీళ్లు తిరగడం లేదు. గొట్టాలు విప్పొద్దు, నీళ్లు కారితే బోర్డు కూడా పోతుంది. కూలర్‌ను గొట్టాలతో సహా అలాగే తీసేసి పాత ఫ్యానే పెట్టు.

సదుం నుంచి చెంగమ్మ ఫోన్ చేసింది. "కూతురు పెండ్లి సూస్తానని మా ఆయన అడగతానే ఉండాడమ్మా. డాక్టర్లు ఇంటికి తీసకపొమ్మనేసినారు" అని ఏడ్చింది. ఆస్పత్రిలో ఉండిపోయి ఆ పెళ్లి చూడలేకపోయాడు పాపం.

మిక్సింగ్ లేని క్యాసెట్టే, వేసి చూపించడానికి కెమెరాతో సహా తీసుకుని బస్సెక్కుతున్నాను. నేను పోయేసరికి ఆయనకు తెలివి ఉంటుందన్న ఆశ లేదు. అన్నం పొయ్యి పక్కన ఉంది, తిను.

నీరజక్క

ఈలోపల ఆయన పోయాడని ఫోనొస్తే నాకు చెప్పొద్దు. నన్ను ఆ ఇంటిదాకా పోనీ.