మాట పూర్తయ్యేదాకా

కొనకనమిట్ల,
జూలై 4.

నా తల్లి సంధ్యారాణికి,

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోను చేస్తే నీకు హాస్పిటల్లో బెల్లు మోగుతుంది, నాకు సిగ్నలు పోతుంది, మధ్యలో మిగిలేది "తిన్నావా" ఒక్కటే. పైగా సరిగ్గా తిట్టాలంటే నాకు కాగితం కావాలి. ముప్పై మూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, కామాలు లేకుండా తిట్టలేను.

ఇవాళ తిట్టాల్సింది ప్రభుత్వాన్ని. నీ కూతురి పేరు "బడి బయటి పిల్లల" జాబితాలోకి ఎక్కింది. అవును, మన జాహ్నవి పేరే. రిటైరైన హెడ్మిస్ట్రెస్ మనవరాలు, తొమ్మిదేళ్ళకే నూరు పద్యాలు తడబడకుండా అప్పజెప్పే పిల్ల, డ్రాపవుట్ అట!

పొద్దున పదకొండింటికి ఇంటిముందు స్కూటీ ఆగింది. చేతిలో ట్యాబుతో ఒకామె దిగింది. మన చుట్టుపక్కల బడులన్నీ తిరిగి లెక్కలు చూసే సీఆర్పీ అట, పేరు దయామణి. నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి చెప్పులు బయటే విడిచింది గానీ, ప్రశ్నలు మాత్రం విడవలేదు.

"పాప యా బడికి పోతాంది మేడం?"

"ఈ బడికే" అని మన వరండా చూపించాను.

"దీనికి కోడ్ నంబరు లేదు కదా మేడం."

"నాకు బుర్ర ఉందిలే అమ్మా, కోడెందుకు?"

ఆమె ట్యాబు నా వైపు తిప్పింది. పిల్ల బడికి ఎందుకు రావడం లేదో చెప్పడానికి అందులో మూడే గడులున్నాయి. వలస పోయింది, కూలికి పోతోంది, పెళ్ళయింది. "వీట్లో యాది టిక్కు పెట్టమంటారు మేడం?" అని అడిగింది. ముఖంలో నవ్వు లేదు. ఉంటే అప్పుడే పంపించేసేదాన్ని.

జరిగినదంతా చెప్పాను. రెండేళ్ళ కిందట మార్కాపురంలో ఆ ప్రైవేటు బడి సారు, పాఠం చదవమని పిల్లను నిలబెట్టి, దాని నత్తిని క్లాసంతటి ముందూ అనుకరించి నవ్వించిన సంగతి. వారం రోజులు పిల్ల నోరు తెరవకపోవడం. నువ్వు హైదరాబాదులో డ్యూటీలో, అల్లుడు బోరులారీ వెంట కర్ణాటకలో ఉంటే, నేనే వెళ్ళి టీసీ తెచ్చేసిన సంగతి. ఇప్పుడా నత్తి పోయిందనీ, నా దగ్గర చదువు కాబట్టే పోయిందనీ చెప్పాను.

"ఎవరు వచ్చి ఏం లెక్క రాసుకుంటే నాకేంటి? పిల్ల నా కళ్ళ ముందుంటే చాలు" అన్నాను.

ఆ మాటకు ఆమె నా ముఖంలోకి ఒక రకంగా చూసింది. మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది. రానీ. మజ్జిగ ఇస్తాను. పిల్లను ఇవ్వను.

వేళకు తిను. అల్లుడికి ఈ ఉత్తరం చదివి వినిపించకు. నేను ఓడిపోతున్నాననుకుంటాడు.

ఎవరికీ వెరవని
మీ అమ్మ నరసమ్మ.


కొనకనమిట్ల,
జూలై 26.

అమ్మలూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. రెండేళ్ళుగా నీకొక అబద్ధం చెబుతున్నాను. అది అబద్ధమని మొన్నటిదాకా నాకూ తెలియదు. తెలియకుండా చెప్పే అబద్ధానికి గొంతు ఎక్కువ. నాకు మామూలుగానే గొంతు ఎక్కువని నీకు తెలుసు.

దయామణి మొన్న మళ్ళీ వచ్చింది. ఈసారి ట్యాబు సంచిలోనే ఉంది. మజ్జిగ తాగి, జాహ్నవి పక్కన చాప మీద చతికిలబడింది. నేను నోట్సులు ముందు పరిచాను. ఎక్కాలు, పద్యాలు, ఇంగ్లీషు, అది గీసిన ఆంధ్రప్రదేశ్ పటం. ఆమె అన్నీ పేజీ పేజీ తిప్పి చూసి, "మా బళ్ళల్లో అయిదో తరగతోళ్ళు గూడా ఇంత బాగా రాయరు మేడం" అంది. నేను నిటారుగా కూర్చున్నాను.

తర్వాత పిల్ల వైపు తిరిగి, "నీ పేరేంది తల్లీ?" అనడిగింది.

"జా... జా..."

"జాహ్నవి" అన్నాను నేను.

"పొద్దన ఏం తిన్న్యావు?"

"ఉ... ఉ..."

"ఉప్మా."

దయామణి నా వైపు చూసింది. "మీరు ఒక రవ్వ ఉండండి మేడం. పాపను పూర్తిగా చెప్పనీయండి."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఉన్నాను. పిల్ల పక్కనున్న పలక అందుకుంది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే పలక మీద రాసి చూపించడం దానికి అలవాటు. అది దాని తెలివనుకుని మురిసిపోయేదాన్ని. "పలక ఆడ పెట్టు బంగారూ. నాకేం తొందర లేదు, నా స్కూటీకి గూడా లేదు" అంది దయామణి. పిల్ల నవ్వింది. నవ్వి, మొదలుపెట్టింది. ఆ ఒక్క ఉప్మాకు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. గోడ మీద బల్లి ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. చివరికి "ఉప్మా" అని పూర్తి చేసి, అన్నప్రాశన నాడు కత్తో కలమో పట్టుకున్న పిల్లలా గర్వంగా చూసింది.

సంధ్యా, నత్తి పోలేదు. ఇంట్లోనే కాదు, నీతో ఫోనులో కూడా, దాని ప్రతి మాటా నేనే పూర్తి చేస్తున్నాను. పద్యాలంటావా, పద్యం రాగంలో వెళ్ళిపోతుంది, నాలుక తడబడదు. సొంత మాట దగ్గరే తడబడుతుంది. సొంత మాట చెప్పే అవకాశం నేనిస్తేగా!

దయామణి ఇంకొక్క ప్రశ్న వేసింది. "జాహ్నవీ, నీకు ఎవురితోనన్నా పచ్చి ఉందా?"

పచ్చి గుర్తుందా నీకు? వేలు చూపించి "నీతో నాకు పచ్చి, మాటల్లేవు" అనడం, మర్నాటికి మళ్ళీ జట్టు కట్టడం. చిన్నప్పుడు నీకు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురితో పచ్చి ఉండేది. జాహ్నవి ఆలోచించింది. తర్వాత చాలా కష్టపడి, ముక్కలు ముక్కలుగా అంది: "పచ్చి చెబితే... ఎవరు మిగులుతారు? అమ్మమ్మే కదా ఉండేది."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ పనేమీ లేదు.

దయామణి వెనకే వచ్చింది. "మేడం, నన్ను గుర్తుపట్టల్యా మీరు. నేను దీనమ్మ కూతుర్ని. ఏడో తరగతిలో మానిపించి కందిచేనికి తోలుకపోతాంటే మీరు మా ఇంటికొచ్చినారు. మా యమ్మను ఎంత తిట్టినారు! మా యమ్మ ఏమన్యాదో తెల్సా? 'నా కండ్ల ముందరుంటే చాలు' అన్యాది."

అప్పుడు తెలిసింది, ఆ రోజు నా ముఖంలో ఆమె ఎవరిని చూసిందో.

"ఇంట్లో చదివిచ్చేది తప్పని నేననను మేడం. ఎవురూ వచ్చి చూడకపోతేనే తప్పు. మీరు ఆ పొద్దు రాకపోయింటే నేను ఈ పొద్దు వచ్చేదాన్ని కాదు."

మజ్జిగ ఇంకో గ్లాసు ఇచ్చాను. నాకు క్షమాపణ చెప్పడం రాదు, మజ్జిగ ఇవ్వడం వచ్చు.

సాయంత్రం జాహ్నవిని అడిగాను, "ఊళ్ళో బడికి పోతావా?" అని. పలక తీసి, "నువ్వూ వస్తావా?" అని రాసింది. "రాను" అన్నాను. చాలాసేపు ఆలోచించి, తుడిచి, "సరే" అని రాసింది.

సోమవారం చేరుస్తున్నాను. అక్కడ చెంచయ్య అనే పంతులున్నాడు. దయామణి ముందే వెళ్ళి అతనితో ఒక్కటే మాట చెప్పి వచ్చింది, తొందరపెట్టొద్దని. పద్యాలు సాయంత్రం నా దగ్గరే. నెలకోసారి దయామణి వచ్చి చూస్తుంది, పిల్లను కొంత, నన్ను ఎక్కువ. నీకు ఇష్టం లేకపోతే ఫోను చెయ్యి. నిన్ను కూడా పూర్తిగా చెప్పనిస్తాను. అలవాటు చేసుకోవాలి కదా.

తలవంచుకున్న (ఈ ఒక్క ఉత్తరానికే)
మీ అమ్మ.


కొనకనమిట్ల,
సెప్టెంబరు 12.

బంగారు తల్లికి,

శుభవార్త. నీ కూతురు బళ్ళో కొట్లాడి ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

మొదటి నెల సుఖంగా ఏమీ లేదని నీకు తెలుసు. రెండుసార్లు కడుపునొప్పి అంది. ఒకసారి నాకు కూడా కడుపునొప్పి వచ్చింది, ఇద్దరం ఇంట్లో ఉండిపోయాం. పలక మాత్రం సంచిలో పెట్టుకుని వెళ్ళేది. ఎవరేమడిగినా దాని మీదే రాసేదట. చెంచయ్య ఓపికగా చదివేవాడట, పిల్లలు మాత్రం చదవలేక వదిలేసేవారట.

ఇవాళ గేటు దగ్గర నుంచే ఏడుపు వినబడింది. ఏమైందని అడిగాను. "సు... సు..." అంది. సుప్రియ అని నాకు తెలుసు. పక్కన కూర్చునే పిల్ల, రోజూ దాని సంగతులే. ఆ పేరు నా నాలుక చివరికి వచ్చేసింది. ఈ మధ్య ఇలాంటప్పటి కోసమే నోట్లో వక్కపలుకు పెట్టుకుంటున్నాను. దాన్ని గట్టిగా కొరికాను. ఒక పన్ను కదిలింది, అది వేరే కథ.

మొత్తం సంగతి చెప్పడానికి పావుగంట పట్టింది. నేను వినడానికీ పావుగంటే పట్టింది. జాహ్నవి పలక మీద ఏదో రాసి చూపిస్తే, సుప్రియ చదవకుండా లాక్కుని, రాసింది తుడిచేసి, గేదె బొమ్మ గీసి, దానికి మీసాలు పెట్టిందట. కింద "మీ అమ్మమ్మ" అని రాసిందట. (ఆ బొమ్మ జాహ్నవి నాకు మళ్ళీ గీసి చూపించింది. పోలిక ఉంది.) నీ కూతురికి కోపం ముంచుకొచ్చింది. పలక సుప్రియ చేతిలో ఉంది. రాయడానికి ఏమీ లేదు.

"అప్పుడు ఏం చేశావు?" అన్నాను.

"చె... చెప్పాను."

"ఏమని?"

"నీ... నీతో... నాకు ప... ప... పచ్చి!"

"ఎవరైనా నవ్వారా?"

లేదని తల ఊపింది. తర్వాత ముక్కు ఎగబీల్చి, తనకే వింతగా తోచినట్టు చెప్పింది. ఆ మాట పూర్తయ్యేదాకా సుప్రియ నోరు తెరుచుకుని అలాగే నిలబడిందట. అంతా విన్నాకే కోపం తెచ్చుకుని, "నాకు గూడా నీతో పచ్చే పో! రేపు ఇంటర్వెల్ దాకా పచ్చి!" అందట.

ఇంటర్వెల్ దాకానే! ఎంత చక్కటి గడువు పెట్టిందో చూడు ఆ పిల్ల.

"అయితే రేపు బడి మానేస్తావా?" అన్నాను.

జాహ్నవి నన్ను తెలివి తక్కువదాన్ని చూసినట్టు చూసింది. "మా... మానేస్తే ఇ... ఇంటర్వెల్‌కి జట్టు ఎట్ల అమ్మమ్మా?"

ఆ "ఎట్ల" నేను నేర్పింది కాదు. నేను "ఎలా" అనే నేర్పాను. బళ్ళో నేర్చుకుంది. దిద్దలేదు.

దయామణి వచ్చే వారం వస్తుంది. నోట్సులు ఏమీ పరచను. ఎవరితోనన్నా పచ్చి ఉందా అని ఆమె అడిగే ప్రశ్నకు నా దగ్గర జవాబుంది, పేరుతో సహా. కాదు, పొరపాటు. జవాబు జాహ్నవి దగ్గరుంది. నేను వక్క కొనుక్కోవాలి.

నోరు మూసుకోవడం నేర్చుకుంటున్న
మీ అమ్మ నరసమ్మ.

తా.క. పలక ఇంకా సుప్రియ దగ్గరే ఉంది. మన పిల్ల అడగడం లేదు.