ఏ మూర్తి?

మూర్తీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొత్త సోషల్ పుస్తకాలు వచ్చాయని రాజధానిలో ద్వారక వైపు మన తెలుగు బడుల టీచర్లకు ట్రైనింగ్ పెడితే, రిటైరైనా వెళ్లాను. చెప్పడానికి వచ్చింది ఎవరనుకున్నావ్? మన పాత ప్రిన్సిపాలే. "హిస్టరీకి ట్రైనింగెందుకు మూర్తిగారూ, చదివి వినిపించడమేగా!" అంటూ ఏటా నీ బదులు లెక్కల మాస్టారిని పంపినవాడు. పిల్లలు ఇంట్లో తాతల్ని అడిగి తెచ్చిన సంగతులతోనే దేశవిభజన పాఠం చెప్పాలట. నువ్వలా చెప్పినందుకే కదా, సిలబస్ వదిలేశావని మెమో ఇచ్చాడు!

లేచి అడిగాను: "సార్, ఇది మన మూర్తి పద్ధతి కదూ?"

"ఏ మూర్తి?" అన్నాడు.

"బైఠియే అంకుల్, కూర్చోండి, లంచ్ చల్లారిపోతోంది" అంది పక్కనున్న టీచరమ్మ.

హాలు నిండా చరిత్ర చెప్పేవాళ్లే. ఆ మూర్తి ఎవరని ఒక్కరూ అడగలేదు. బోర్డు మీద నీ పేరు రాసి వచ్చేశాను. ఈపాటికి తుడిచేసి ఉంటారు.