మీ బొంత, నా బొంత

వదినగారికి,

ఇక్కడ అందరూ క్షేమం. నా ఒక్కదాని సంగతే బాగాలేదు. దానికి కారణం మీరు.

ఫోన్లో చెబుదామంటే పక్కన మీ అమ్మాయి ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మనవరాలికి మీరు కుట్టి పంపిన బొంత గురించే. నేనూ ఒకటి కుట్టాను కదా! దర్జీ కొట్టు చుట్టూ తిరిగి, మెరిసే కొత్త పీలికలు ఏరుకొచ్చి, రంగుకు రంగు జత చూసి, అంచులు మడిచి మిషను మీద రెండేసి కుట్లు వేశాను. చూసినవాళ్ళంతా "కొన్నారా?" అని అడిగారు. మీదేమో, ఏమీ అనుకోకండి, అష్టావక్రం. ఒక ముక్క పొడుగు, ఒకటి పొట్టి, వెనక్కి తిప్పితే అన్నీ దారం ముళ్ళే. అయినా మన బుడంకాయకు అదే కావాలి. నిద్రొస్తే దాని మూల నోట్లో పెట్టుకుంటుంది. నాది కప్పితే "గుచ్చు, గుచ్చు" అని కాళ్ళతో తన్నేస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

స్నానం చేయించేది నేను. తినిపించేది నేను. దగ్గితే లేచి వీపు నిమిరేది నేను. కౌగిలి మాత్రం మీ బొంతకు. అసూయేనండీ, దాచను. అది తీగ మీద ఆరుతుంటే చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాను. ఈ వయసులో పాతగుడ్డల మీద కుళ్ళేమిటని మీ అన్నయ్యగారు నవ్వుతున్నారు.

వచ్చేనెల వస్తానన్నారు. ఈసారికి రాకండి. బొంతనే అంతగా పట్టుకున్న పిల్ల, మనిషి వస్తే నన్ను మరిచిపోతుంది. తిట్టుకోండి, కానీ రాకండి.

ఇట్లు,
బుడంకాయ నానమ్మ

*

వదినగారూ,

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత కోపమొచ్చింది. "రాకండి" అని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి? నాకు మిషను లేదు, పైగా చెయ్యి వణుకుతుంది. అందుకే ముక్కలు వంకర. పిల్లకు గుచ్చుకోకూడదని నా ఒంటి మీద అరిగి మెత్తబడ్డ బట్టలే కత్తిరించాను. మీ కొత్త పీలికలకు గంజి ఉంటుంది, నాలుగు ఉతుకులు పడితే పోతుంది. ఆ మాత్రం మీకు తెలియదా?

కుళ్ళు మీ ఒక్కరికే ఉందనుకున్నారా? స్నానం, తిండి, దగ్గు అని ఏకరువు పెట్టారే, ఒక్కొక్క మాటకూ నా కడుపు రగిలిపోయింది. మొన్న ఫోన్లో మీ కోడలు "అమ్మమ్మ ఏదే?" అని అడిగింది. నేను ఎదురుగా తెరలో నవ్వుతూనే ఉన్నాను. పిల్ల బొంత వైపు వేలు చూపించింది. దానికి అమ్మమ్మంటే ఆ గుడ్డే! నేను కుట్టినదాన్ని చూసి నేనే ఏడుస్తున్నాను వదినగారూ.

పిల్ల మీ ఇంట్లో ఉంది కాబట్టి మాట మీదే. రావద్దంటే రాను.

దాని అమ్మమ్మ

*

వదినా,

ఆ వేలు చూపించిన మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. అయినా నా మొండితనం తెలుసుగా, వెంటనే జవాబు రాయలేదు. ఇంతలో ఇంట్లో ఘోరం జరిగిపోయింది.

వేడిగిన్నెలు దించే గుడ్డలు కుడదామని మీ అన్నయ్యగారి చిరిగిన చొక్కా తీసిపెట్టాను. బుడంకాయ దాన్ని లాక్కుపోయింది. ఇప్పుడు అది లేనిదే కన్ను మూయదు. సూదిలో దారం ఎక్కించమంటే సూదినే పోగొట్టే మనిషి, ఒక్క కుట్టు వేయకుండా పిల్లను బుట్టలో వేసేసుకున్నాడు! మీసం మెలేసుకుంటూ, "పాపం, మీ ఇద్దరి శ్రమా వృథా అయిందే!" అని నన్ను ఓదారుస్తున్నారు.

నాది బీరువాలో ఉంది, మీది మంచం కింద పడి ఉంది. చూసి సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. "మా వదిన వణికే చేత్తో కుట్టింది, ఇలా పడేస్తారా?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. దులిపి మడిచి పెట్టాను.

వేలు చూపించడానికి దానికిప్పుడు బొంత కూడా లేదు. ఇంక మీరు రాకపోతే ఎలా? వచ్చేనెల దాకా ఆగకండి, ఈ ఉత్తరం అందగానే బయలుదేరండి. పిల్లను మధ్యలో వేసుకుని చెరోపక్కన పడుకుందాం. ఎవరి వైపు తిరుగుతుందో చూద్దాం. నా వైపు తిరిగితే మీరు ఏడవకూడదు. మీ వైపు తిరిగితే నేను ఏడుస్తాను, ముందే చెబుతున్నాను.

మీ కోసం గుమ్మంలో చూస్తూ,
మీ వదిన