బోర్లించిన స్టీరింగ్ బాక్స్

ఫిబ్రవరి 3, 1986. సోమవారం.

తమ్ముడు జైపాల్ రెండు స్టీరింగ్ బాక్సులు తెచ్చి వరండాలో పాత చాప మీద పెట్టాడు. ఒకటి ఫియట్‌ది. ఇంకోటి భైంసా తుక్కు బజారులో దొరికిన మిలిటరీ జీపుది. రెండు ఫర్లాంగులు నేరుగా, అందరికన్నా ముందు ఉరకడానికి వాడు కడుతున్న కారుకు వీటిలో ఒకటి కావాలి.

కళ్లు మూసుకుని రెండూ తిప్పి చూడమన్నాడు. ముప్పై ఏండ్లు కుట్టు నేర్పిన చేతులు నీవి, మిషన్ చక్రంల వెంట్రుకంత సందున్నా పట్టేస్తవు గద పెద్దక్కా, అన్నాడు.

ఫియట్‌ది నడుమ వదులు. కొంచెం తిప్పినా అవతల చక్రాలను లాగే ఇనుప చెయ్యి కదలదు. ఏ బండైనా ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి ముందు నడుమే అరుగుతుందట. జీపుది నడుమ బిగువుగా ఉంది. ఇదే, అన్నాను.

నేనే అన్నాను.

ఫిబ్రవరి 6. పగలు రెండు గంటలు.

వెల్డింగ్ పని మొగిలిది. బొగ్గుబాయి వర్క్‌షాపులో రిటైరైన మనిషి. జీపు ఎడమచేతి స్టీరింగ్‌ది. బాక్సు ఇనుప చెయ్యి ఎడమవైపు వేలాడాలి. ఈ కారులో అక్కడ క్లచ్ ఉంది, తమ్ముడి కాలు ఉంది. అందుకని బాక్సును బోర్లించి కుడివైపు బిగించారు. కుదిరింది. చాయ్ ఇచ్చాను.

నాలుగు గంటలు.

స్టీరింగ్ కుడికి తిప్పితే చక్రాలు ఎడమకు పోతున్నాయి.

మొగిలి నవ్వాడు. దొరా, గిది అచ్చం నీ లెక్కనే ఉన్నది, చెప్పినమాట ఇనది, అన్నాడు. మేం నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

ఫిబ్రవరి 7.

సరిచేయాలంటే ముందటి ఫ్రేమంతా కోసి మళ్లీ కట్టాలె, ఇరవై దినాలు పడ్తది, అన్నాడు మొగిలి. పందెం ఇరవై మూడున. హైదరాబాద్ నుంచి వచ్చే మోటారు క్లబ్బుకు విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే పట్టీ మీద ఒక్క రోజే పర్మిషన్.

జైపాల్ కోయనివ్వలేదు. ఇనుము మారకుంటే నా చేతులనే మారుస్త, అన్నాడు. రోజూ నేర్చుకుంటే ఉల్టా కూడా అలవాటైతదట.

వీడి రైస్ మిల్లు మూతపడింది. కోళ్లు తెగులొచ్చి పోయాయి. భార్య హుస్నాబాద్‌లోని పుట్టింటికి వెళ్లి రెండేళ్లు. మా బాపు నడిపిన షెవర్లే కారు ఇంజన్ విప్పి ఈ పైపుల ఫ్రేము మీద ఎక్కించినప్పటి నుంచి పెద్దపల్లిలో తుక్కు దొర అంటున్నారు. ఆరేళ్లుగా.

నా బతుకుల ఒక్కటన్న సక్కగ పోనియ్యి పెద్దక్కా, అన్నాడు.

మమ్మల్ని కన్న అవ్వ పోయినప్పుడు వీడికి రెండేళ్లు. నేను పెంచాను. ఏమనను?

ఫిబ్రవరి 10.

కళ్లంలో జొన్నచొప్ప కట్టలు నిలబెట్టి, వాటి మధ్య మెల్లగా నడుపుతున్నాడు. పదకొండు పడ్డాయి.

ఫిబ్రవరి 13.

ఒక్కటీ పడలేదు.

ఫిబ్రవరి 15. శనివారం.

అలవాటు చెడుతుందని వేరే బండి ముట్టడం మానేశాడు. ఇవాళ మరిచిపోయి సైకిల్ ఎక్కాడు. గేటు ముందే మురుగు మోరీలో పడ్డాడు. కుడికి పోవాల్సినవాడు హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. మోచేయి చీరుకుంది. మోరీలోనే కూర్చుని, సూసినవా, చేతులు మారినయి, అని ఒకటే నవ్వు. పాలు పోయడానికి వచ్చిన ఎల్లక్క, దొరకు మల్ల మొదటికెల్లి నడక నేర్పాలె దొర్సానీ, అంది.

నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 18. మంగళవారం.

కాలువ రోడ్డు మీద మొదటిసారి వేగంగా నడిపాడు. నేను కట్ట మీద నిలబడ్డాను. ఎడమ నుంచి మేక అడ్డం వచ్చింది. కుడికి తప్పుకోవాలి. స్టీరింగ్ కుడికే తిప్పాడు. కారు ఎడమకు, మేక మీదికే పోయింది. మేక చచ్చింది. కారు మట్టికుప్పలో దిగబడి ఆగింది. వీడికి దెబ్బ తగల్లేదు.

పన్నెండు రోజులు నేర్చిందంతా ఒక్క క్షణంలో పోయింది. భయపడితే చేతులు పాత చేతులే.

దిగి, చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. తర్వాత కట్ట మీదికి వచ్చాడు. క్లబ్బోళ్లకు గాని ఎవ్వలికి గాని ఈ స్టీరింగ్ సంగతి చెప్పనని ఒట్టెయ్యమన్నాడు. వద్దు తమ్మీ, అన్నాను. నా చెయ్యి పట్టి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. చెప్పినవంటే నా పీనుగను సూస్తవు, అన్నాడు.

వేశాను.

ఎందుకు వేశాను? చెయ్యి లాక్కుంటే పోయేది కదా. వాడి వెంట్రుకల్లో మట్టి ఉంది. చిన్నప్పుడు తల దులిపినట్టే దులపబోయాను. అంతలో ఒట్టు అయిపోయింది.

ఫిబ్రవరి 19.

చెబితే వాణ్ని ఒట్టు తింటుంది. చెప్పకపోతే కారు తింటుంది.

ఆ పట్టీకి అటూ ఇటూ జనం నిలబడతారట. తాడు ఒక్కటే అడ్డం.

ఫిబ్రవరి 20.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టు తమ్మీ, అని బతిమాలాను. వాడి కాళ్లు పట్టుకోబోయాను. ఎగిరి వెనక్కి దూకి, నాకు పాపం తలుగుతది, నీకేమన్న పిచ్చా, అన్నాడు. ఒట్టు మాత్రం తీయలేదు.

మొగిలిని నేనేమీ అడగలేదు. తనే అన్నాడు. క్లబ్బోళ్లకు నేను చెప్తే ఎవ్వలు ఇంటరు దొర్సానీ? దొర మీద చాడీలు చెప్పి నేను గీ ఊళ్లె బతుకుతనా? అని. తల ఎత్తలేదు.

ఫిబ్రవరి 21.

బస్సెక్కి వేములవాడ పోయాను. గుళ్లో మొక్కుగా కోడెను కట్టాను. రాజన్న దేవుడి ముందు నిలబడితే ఏం అడగాలో తెలియలేదు. చివరికి వాన అడిగాను. ఎల్లుండి పొద్దున ఒక్క వాన.

ఫిబ్రవరి 22.

ఎండ.

ఫిబ్రవరి 23. ఆదివారం. సాయంత్రం.

వరుసగా రాయాలి.

ప్రతి కారునూ పరీక్షించేది క్లబ్బు ఆఫీసరు, దామోదర్‌రావు అని ఒకాయన. మా కారు ముందు నిలబడి చక్రాల వైపు వంగి, రైట్, అన్నాడు. జైపాల్ ఎడమకు తిప్పాడు. చక్రాలు కుడికి పోయాయి. లెఫ్ట్, అన్నాడు. జైపాల్ కుడికి తిప్పాడు. ఆయన చక్రాలు చూశాడు. చేతులు చూడలేదు. కాగితం మీద ఓకే రాశాడు.

తాడు అవతల పిల్లలు తండ్రుల భుజాలెక్కి కూర్చున్నారు.

బండికి బొట్టు పెడతాను, అన్నాను. పెట్టండమ్మా, మంచిదే, అన్నాడాయన. జైపాల్ హెల్మెట్ తెచ్చుకోవడానికి, కారును లాక్కొచ్చిన కిరాయి జీపు దగ్గరికి వెళ్లాడు. పళ్లెం కాస్త పట్టుకోమని ఆయనకు సైగ చేశాను. పట్టుకున్నాడు. స్టీరింగ్‌కు పసుపు రాశాను. కుంకుమ పెట్టాను. తర్వాత రెండు చేతులా పట్టి కుడికి తిప్పాను. చివరిదాకా. మళ్లీ ఎడమకు. మళ్లీ కుడికి. ఆయన ముఖంలోకే చూస్తూ.

ఆయన నా చేతులు చూశాడు. చక్రాలు చూశాడు. మళ్లీ నా చేతులు. పళ్లెం ఒరిగి కుంకుమంతా బూట్ల మీద పడింది. ఇదేం స్టీరింగు జైపాల్ గారూ, మనుషుల్ని చంపుతారా, అని అరిచాడు. ఓకే మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు.

జైపాల్ నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. సంపినవు గద అక్కా, అన్నాడు. మెల్లగా. పెద్దక్కా అనలేదు.

మిగతా కార్లు ఒకదాని తర్వాత ఒకటి ఉరికాయి. మేం చివరిదాకా అక్కడే నిలబడ్డాం. 

ఫిబ్రవరి 25.

జైపాల్ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఫ్రేము కోసి సరిచేద్దామని మొగిలి వచ్చాడు. జైపాల్ షెడ్డు తాళం ఇవ్వలేదు. వాకిట్లో నన్ను చూసి, అలగనియ్యి దొర్సానీ, బతికినోడే అలుగుతడు, అన్నాడు మొగిలి.

మొన్నటి నుంచి మొదటిసారి ఏడ్చాను.

ఫిబ్రవరి 27.

జైపాల్‌కు జ్వరం. నూట మూడు. డాక్టరు రక్తం తీసుకుపోయాడు. మలేరియా కావచ్చట.

నేను నోరు విప్పలేదు. ఆ రోజు స్టీరింగ్ గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఒట్టు తీసెయ్యి తమ్మీ, అన్నాను. గోడవైపు తిరిగాడు.

తడిగుడ్డ మారుస్తున్నాను.