పద్దెనిమిదో నంబరు ఇంజిన్ అదనపు కూత

బ్రెంట్ క్రాసింగ్, వర్జీనియా
ఏప్రిల్ 2

స్మృతి గారికి,

నమస్కారం. మీ రైల్‌రోడ్ వెబ్‌సైట్‌లో మీ పేరు చూశాను. తెలుగువారనిపించింది. ఈ సంగతి ఇంగ్లీషులో రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు ఆ చివరి రోజు సంగతి. ఫిబ్రవరిలో ఒక మంగళవారం. మంచు కురిసి ఆగింది. ఎనిమిదింటికి మీ పద్దెనిమిదో నంబరు ఇంజిన్ సున్నపురాయి పెట్టెలు లాక్కుంటూ మా పెరటి వెనకనుంచి వెళ్ళింది. గేటు దగ్గర కొట్టాల్సిన కూత కొట్టింది. గేటు దాటాక, మా ఇంటికి ఎదురుగా, ఎప్పటిలాగే ఇంకో పొట్టి కూత కొట్టింది. నా భార్య అనురాధ వెనక మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపింది. నేను అప్పుడే లేచి పళ్ళు తోముకుంటున్నాను. లోపలికొచ్చి, "ఇవాళ బరువెక్కువ, పాపం రొప్పుతోంది" అంది. ఉప్మా తిన్నాం. మధ్యాహ్నం ఇద్దరం కారులో వెళ్ళాం. మర్నాడు నేనొక్కణ్ణే తిరిగొచ్చాను.

ఆ రెండో కూత ఇక అక్కర్లేదు. డ్రైవరుకి చెప్పగలరా?

ఇట్లు,
వీరభద్రం

తా.క. డ్రైవరు పేరు డేల్ అట. మంచివాడు. నెమ్మదిగా చెప్పండి.

---

సైకమోర్ వ్యాలీ రైల్‌రోడ్ ఆఫీస్
ఏప్రిల్ 7

డియర్ వీరభద్రం అంకుల్,

నమస్తే! "గారు" వద్దు అంకుల్, నాకు ట్వంటీ ఫోరే. హెర్న్‌డన్‌లో పుట్టాను. తెలుగు సండే క్లాస్‌లో నేర్చుకున్నాను, మిస్టేక్స్ ఉంటే సారీ. ఇక్కడ కమ్యూనిటీ రిలేషన్స్ డిపార్ట్‌మెంట్ అంటే నేనే. కాఫీ మెషీన్ డిపార్ట్‌మెంట్ కూడా నేనే.

మీ నాయిస్ కంప్లయింట్ చదివి చాలా ఫీలయ్యాను. గేట్ దగ్గర రెండు లాంగ్, ఒక షార్ట్, ఒక లాంగ్ కొట్టడం ఫెడరల్ రూల్, అది ఆపలేం. కానీ తర్వాతి హారన్ ఏ రూల్‌లోనూ లేదు! మా సూపరింటెండెంట్ ఇంజిన్ రికార్డర్ చెక్ చేశారు. నిజమే, డేల్ రోజూ కొడుతున్నాడు. వెంటనే నోటీస్ ఇచ్చాం. ఉప్మా గురించి కంప్లయింట్‌లో చెప్పక్కర్లేదు అంకుల్, అయినా నేను మొత్తం ట్రాన్స్‌లేట్ చేసి ఫైల్ చేశాను.

మా హిస్టరీ తెలిస్తే మీ కోపం కొంచెం తగ్గుతుంది. ఈ లైన్ ఒకప్పుడు యాపిల్ తోటలవాళ్ళు వేసుకున్నది. తర్వాత ఒక పెద్ద రైల్‌రోడ్ కొనుక్కుంది, ఎయిటీస్‌లో లాస్ అని వదిలేసింది. అప్పుడు ఇక్కడి రైతులు, దాణా మిల్లు వాళ్ళు కలిసి పట్టాలతో సహా కొనేశారు! మాకు ఉన్నవి మూడే ఇంజిన్లు. అందులో 18 అందరికంటే ఓల్డ్. రెండు కంపెనీలు వాడేసి వద్దనుకుంటే మేం తెచ్చుకున్నాం. ఎరుపు పెయింట్ కింద గ్రీన్, దాని కింద బ్లూ ఉంటుంది.

మీ
స్మృతి

P.S. ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు పంపుతున్నాను. ఒకటి ఆంటీకి.

---

ఏప్రిల్ 10

చి. స్మృతికి,

ఆశీస్సులు. నేను రాసింది ఫిర్యాదు కాదు. ఆ కూత వల్ల మాకు ఏనాడూ ఇబ్బంది లేదు. డేల్ అది అనురాధ కోసం కొట్టేవాడు. ఇప్పుడు ఈ ఇంట్లో ఉంటున్నది నేనొక్కణ్ణే. అందుకని అక్కర్లేదన్నాను. నోటీసు వెనక్కి తీసుకోండి.

వీరభద్రం

తా.క. ఆకుపచ్చ కింద నీలం కాదు, నలుపు. తలుపు దగ్గర పెచ్చు ఊడినప్పుడు అనురాధ చూసింది.

ఇంకో తా.క. ఇయర్‌ప్లగ్స్ ఒక జత తిప్పి పంపుతున్నాను.

---

ఏప్రిల్ 14

డియర్ అంకుల్,

అయ్యో! ఇప్పుడు అర్థమైంది. కారులో ఇద్దరూ వెళ్ళి మీరొక్కరే వచ్చారంటే... మా ఫ్రెండ్ పేరెంట్స్ కూడా అలాగే మాల్ పార్కింగ్ లాట్‌లో విడిపోయారు. ఈ వయసులో డివోర్స్ చాలా హార్డ్ అంటారు. మీరు స్ట్రాంగ్‌గా ఉండాలి.

నాకు ఒక ఐడియా వచ్చింది. ఆంటీ కొత్త అడ్రస్ ఇస్తారా? మా లైన్ పక్కనే అయితే అక్కడ హారన్ కొట్టడానికి పర్మిషన్ అడుగుతాను. దూరమైతే మా ఇంజిన్ల క్యాలెండర్ పంపుతాను.

కానీ ఒక బ్యాడ్ న్యూస్. నోటీస్ వెనక్కి తీసుకోవడం కుదరదట. డేల్ దాని మీద సైన్ చేయలేదు. "కొట్టాను, మళ్ళీ కొడతాను" అన్నాడు. 24న ఎంక్వయిరీ. అప్పటిదాకా 18ని వేరే డ్రైవర్ నడుపుతాడు. డేల్‌ని ఇంజిన్ మీంచి పర్మనెంట్‌గా దించేస్తారేమో అని అందరూ అంటున్నారు. వచ్చే ఏడాది అతని రిటైర్‌మెంట్.

మీ
స్మృతి

P.S. మా నాన్న రోజూ పొద్దున్నే అమ్మకి సారీ చెప్పేస్తాడు, ఎందుకో తర్వాత తెలుస్తుందిలే అని. మీరు కూడా ట్రై చేయండి.

P.P.S. 18 పెయింట్ గీకి చూశాం. నలుపే! ఆంటీకి థాంక్స్ చెప్పండి.

---

ఏప్రిల్ 17

చి. స్మృతికి,

అనురాధ చనిపోయింది. ఫిబ్రవరిలో, ఆ మంగళవారం రాత్రి, ఆస్పత్రిలో.

మా ఇళ్ళల్లో చావు కబురు ఉత్తరంలో వస్తే చదివి చించేస్తారు. గడప లోపల ఉంచరు. ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల చేతిలో అలాంటి ఉత్తరం పెట్టకూడదని మొదటే రాయలేదు. నాదే తెలివితక్కువతనం.

కొత్త డ్రైవరు రూలు ప్రకారం కొడుతున్నాడు. గేటు దాటాక ఏమీ ఉండదు. నేను కోరుకున్నది అదే. ఇలా ఉంటుందనుకోలేదు.

డేల్‌కి ఆమె పోయిన సంగతి తెలియదు. తెలియక కొట్టాడు. అది తప్పెలా అవుతుంది? మీ పెద్దాయనకి చెప్పు. అతని ఉద్యోగం నా ఉత్తరం వల్ల పోకూడదు.

చదివాక దీన్ని చించెయ్యి.

వీరభద్రం

తా.క. మీ నాన్నగారు అదృష్టవంతులు. ఆయన్ని రోజూ చెప్పనివ్వు.

---

ఏప్రిల్ 21

అంకుల్,

ఏం రాయాలో తెలియట్లేదు. మీ ఉత్తరాలన్నీ అమ్మకి చదివి వినిపించాను. మొదటి ఉత్తరం సగంలోనే గరిటె కింద పెట్టేసింది. "ఒసే మొద్దూ! ఇద్దరెళ్ళి ఒక్కరొస్తే నీకు డివోర్స్ తట్టిందా? ఆయనకి ఇయర్‌ప్లగ్స్ పంపావా?" అని ఒకటే తిట్టు. తర్వాత ఏడ్చింది. నేను కూడా.

సూపరింటెండెంట్‌కి అంతా చెప్పాను. ఆయన డేల్‌ని పిలిచి, "ఆమె లేదని నీకు తెలియదు కదా?" అని అడిగారు, అవును అంటే వదిలేద్దామని. డేల్ "తెలుసు" అన్నాడు అంకుల్! ఫిబ్రవరిలోనే పేపర్‌లో చూశాడట. మరి ఎవరి కోసం కొట్టావంటే నోరు విప్పడు. "మాటిచ్చాను" అంటాడు, అంతే. కారణం చెప్పకపోతే ఆయన కూడా ఏమీ చేయలేరట. నేను హెల్ప్ చేద్దామనుకున్నాను. అంతా పాడు చేశాను.

స్మృతి

P.S. అమ్మ గోంగూర పచ్చడి పంపింది. ఆఫీస్ మెయిల్‌రూమ్‌లో దాని మీద రెండు కంప్లయింట్లు వచ్చాయి. రెండూ నాకే వచ్చాయి.

---

ఏప్రిల్ 23

చి. స్మృతికి,

ఇది పోస్టులో వేస్తే రేపటి ఎంక్వయిరీలోపు అందదు. మీ ఆఫీసు తలుపు కిందనుంచి తోసి వెళ్తాను.

నీ ఉత్తరం చదివి డేల్ ఇంటికి వెళ్ళాను. ఫిబ్రవరి తర్వాత కారు తీయడం ఇదే. అతను వాకిట్లో గడ్డి కోసే మిషను బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"అనురాధ లేదని తెలిసీ ఆమె కోసం ఎందుకు కొట్టావు?" అన్నాను.

"ఆమె కోసమా?" అన్నాడు. "ఆమె అయిదింటికే లేచేది. ఆ కూత నీకోసం."

నాకు అర్థం కాలేదు. చేతిలో పని ఆపి చెప్పాడు.

నేను రిటైరైన ఏడాది అనురాధ రవ్వలడ్డూల డబ్బా పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళి అతని బండి ఆపించిందట. "మా ఆయన పక్క దిగడం లేదు. అలారం పెడితే దిండు కింద తోసేస్తాడు. మీ బండి కూతకి మా కిటికీలు అదురుతాయి. మా ఇంటి ముందు ఇంకొకటి కొట్టండి" అందట. నేను లేచానని చెప్పడానికే మెట్ల మీదికి వచ్చి చెయ్యి ఊపేదట. చెయ్యి ఊపలేదంటే మర్నాడు కాస్త గట్టిగా కొట్టమని అర్థం.

నాతో మాత్రం, "ఆ డ్రైవరుకి నేనంటే గౌరవం, నన్ను పలకరిస్తాడు" అనేది. నేను నమ్మాను.

జనవరిలో మళ్ళీ వెళ్ళిందట. ఇక ఎన్నాళ్ళో ఉండదని అప్పటికి ఆమెకి తెలుసు, నాకు తెలుసు, మేమిద్దరం మాట్లాడుకోలేదు. "నేను లేకపోయినా ఆపకండి. ఈయన అసలే లేవడు. నేను చెప్పానని మాత్రం చెప్పకండి, చిన్నబుచ్చుకుంటాడు" అందట.

"ఫిబ్రవరినుంచి మెట్ల మీద ఎవరూ లేరు. నువ్వు లేచావో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకే కొడుతూ వచ్చాను" అన్నాడు డేల్.

"చిన్నబుచ్చుకున్నావా?" అని కూడా అడిగాడు.

లేదన్నాను.

ఎంక్వయిరీలో అతను ఈ మాట చెప్పడు. నన్ను నిద్ర లేపడానికి నా భార్య మీ రైల్‌రోడ్‌ని పనికి పెట్టుకుందని మీ పెద్దాయనకి నేనే చెబుతాను. తెలుగులో చెబుతాను. ఇంగ్లీషులో నువ్వు చెప్పాలి. ఈసారి డివోర్స్ చేర్చకు.

ఇట్లు,
వీరభద్రం

తా.క. రేపు పొద్దున నా అంతట నేనే లేస్తాను. తొమ్మిదింటికి మీ ఆఫీసుకి వచ్చి డేల్ పక్కన కూర్చుంటాను.