కుర్చీలోంచి లేచే బొమ్మ

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నువ్వు ఫోన్లో చెప్పేవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. కాగితం మీదైతే కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కా చదువుకుంటూ చేసుకుంటాను.

రోజంతా నేను చేసేది, మంచం పట్టినవాళ్ల చేత మళ్లీ అడుగులు వేయించడమే కదా. కుర్చీలోంచి ఎలా లేవాలో గోడకి బొమ్మలు అంటించాం. ఎవరికీ ఎక్కడం లేదు. కదిలే బొమ్మ చేస్తే వార్డు టీవీలో వేద్దామన్నారు పెద్ద డాక్టరుగారు. నువ్వు క్లాసులో నేర్పే ఆ యానిమేషన్ సాఫ్ట్‌వేరే మా ఆఫీసు కంప్యూటర్లోనూ ఉంది. ఎంత పనిలే అని కూర్చున్నాను. మొదటి ఫ్రేములో కూర్చున్న మనిషి, చివరి ఫ్రేములో నిలబడ్డ మనిషి. మధ్యదంతా నువ్వే నింపుకో అని కంప్యూటర్‌కి చెప్పి మీట నొక్కాను. మనిషి లేవలేదురా, దూదిపింజలా గాల్లోకి తేలాడు!

తెచ్చి చూపిస్తే వార్డంతా ఒకటే నవ్వు, కిటికీ పక్క మంచం మీది డ్రిల్లు టీచరమ్మ తప్ప. జీవితమంతా బడిపిల్లల చేత కసరత్తు చేయించిన మనిషి. పెద్ద జబ్బు చేసి కోలుకుంది. ఒకసారి లేవబోయి పడింది. దెబ్బ తగల్లేదు గానీ గుండెల్లో భయం కూర్చుంది. ఇప్పుడు ఇద్దరం చెరో పక్కా పట్టుకుంటే తప్ప లేవదు. ఆమెది మేడ మీద ఇల్లు, ఒంటరి మనిషి. తనంతట తాను లేచే వరకూ ఇంటికి పంపలేం. "పోనీలే, ఏదో ఒక ఆశ్రమంలో పడుంటా" అంది నిన్న. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నా బొమ్మని చూసి మాత్రం, "దీనికి ఎముకలు లేవా?" అని అడిగింది. ఏం చెయ్యాలో రాయి.

నీ అక్క

---

ప్రియమైన అక్కా,

నీ గాల్లో తేలే మనిషిని తలుచుకుని నేనూ మీ మరదలూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఏమీ అనుకోకు, మా క్లాసులో అందరూ మొదట చేసేది అదే.

నువ్విచ్చిన రెండు ఫ్రేములూ రెండు గుంజలనుకో. సాఫ్ట్‌వేర్ వాటి మధ్య తాడు బిగించి కడుతుంది, తిన్నగా. దానికి ఒంటి బరువేమిటో తెలియదు. నువ్వే ఒకసారి కుర్చీలోంచి మెల్లగా లేచి చూడు. ముందు ఏం కదిలింది? బరువు ఎక్కడ మారింది? మారిన ప్రతిచోటా ఒక గుంజ పాతు. దాన్నే కీఫ్రేమ్ అంటాం.

ఇంకోటి. తల, నడుము, తొడ, పిక్క, పాదం విడివిడిగా గీసి ఒక్కోదాన్నీ ఒక్కో పొరలో, అదే లేయర్లో, పెట్టు. తొడ తిరిగే చుక్క తుంటి దగ్గరుండాలి. మధ్యలో పెట్టావో, ఫ్యాను రెక్కలా గిరగిరా తిరుగుతుంది. మొదట్లో నెమ్మదిగా కదలాలి, ఆగేముందు మళ్లీ నెమ్మదించాలి.

ఇక్కడ విశేషాలేమీ లేవు. మళ్లీ కొత్త బ్యాచ్, మళ్లీ మొదటి పాఠంగా గీయించే అదే ఎగిరే బంతి. మామగారు తన హార్డ్‌వేర్ కొట్టు చూసుకోమంటున్నారు. మీ మరదలు నీ ఇష్టమే అంటోంది. నాకే ఏదీ తేలడం లేదు.

నీ తమ్ముడు

---

ప్రియమైన తమ్ముడికి,

వద్దన్న పనే చేశాను. తొడ ఫ్యాను రెక్కలా తిరిగి బొమ్మ మొహాన్ని తన్నింది. సరిచేసుకున్నాను.

రోజూ మధ్యాహ్నం పని తెమలగానే ఆఫీసులో కూర్చుంటున్నాను. లేచి చూసుకోవడం, కూర్చుని గీయడం. ఫైళ్లు చూసే అబ్బాయి "మేడమ్, నడుం నొప్పా?" అని పాపం దిండు తెచ్చిచ్చాడు.

విచిత్రమేమిటంటే, టీచరమ్మ ఇప్పుడు నా బొమ్మ కోసం ఎదురుచూస్తోంది, వంకలు పెట్టడానికి! "తలెందుకలా వేలాడేసింది? నా క్లాసులో అయితే ఎండలో నిలబెట్టేదాన్ని" అంటుంది. "మీరే లేచి చూపించండి మరి" అంటే మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆమె చెప్పిందల్లా సరిచేసి కొత్తది తయారుచేశాను. సీడీ పంపుతున్నాను, చూడు.

నువ్వు మేకులమ్మినా నా తమ్ముడివే. కానీ నీ మొన్నటి ఉత్తరంలో కీఫ్రేముల దాకా ఒక గొంతు వినిపించింది, కొట్టు దగ్గరికొచ్చేసరికి అది నీరుగారిపోయింది. అది గమనించుకో.

నీ అక్క

---

ప్రియమైన అక్కా,

అది టీవీలో వేయకు! నడుము బాగా వంగింది, చేతులు బాగున్నాయి. కానీ పాదాలు చూసుకున్నావా? మోకాళ్లకన్నా బారెడు ముందున్నాయి. అలా పెట్టి ఎవరూ లేవలేరు.

నేనూ వెంటనే కనిపెట్టలేదు. సీడీ క్లాసులో వేశాను. ఏదో తేడా ఉందన్నారు గానీ అదేమిటో ఎవరికీ చిక్కలేదు. "పుస్తకాలు మూసి అందరూ కుర్చీల్లోంచి లేవండి, బొమ్మ లేచినట్టే" అన్నాను. ఒక్కరూ లేవలేకపోయారు! ఒకమ్మాయి పాదాలు వెనక్కి లాక్కుని లేచి, "దొరికింది సార్!" అని కేక పెట్టింది. ఇంక ఎవరూ బంతి జోలికి పోలేదు. గ్లాసు ఎత్తడం, తలుపు నెట్టడం, ఒకరినొకరు చూసుకుంటూ గీయడం. గంట కొట్టినా కదల్లేదు.

సాయంత్రం ఇంటికొచ్చిన మామగారికి చెప్పేశాను, కొట్టుకి ఇంకెవరినైనా చూసుకోమని. ఆయన నొచ్చుకున్నారు గానీ టీ తాగే వెళ్లారు.

పాదాలు మాత్రం సరిచెయ్యి.

నీ తమ్ముడు

---

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయింది.

పాదాల సంగతి చూసుకోకుండానే టీవీలో వేయించేశాను. టీచరమ్మ పక్క మంచం ఆవిడ బొమ్మను చూస్తూ కాళ్లు ముందుకు చాపి లేవబోయింది. నేను వార్డుకి ఆ చివర ఉన్నాను. "ఆగు!" అని టీచరమ్మ అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి. "పడతావే! పాదాలు వెనక్కి! మోకాళ్ల కిందకి!" ఆవిడకి అర్థం కాక అలాగే ఊగుతోంది. నేను పరిగెత్తేలోగా టీచరమ్మ మంచం అంచుకి జరిగింది, పాదాలు వెనక్కి లాక్కుంది, ముందుకి వంగింది, లేచేసింది. ఎవరూ పట్టుకోలేదురా! వెళ్లి ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టి, "ఇలా లేవాలి, చూడు" అని తను కూర్చుని మళ్లీ లేచి చూపించింది. అప్పుడుగానీ తనేం చేసిందో తనకే తెలియలేదు. నా వైపు చూసి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్క మంచం ఆవిడ ఎందుకో ఏమిటో తెలియకుండానే మాతో పాటు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మను మొదటినుంచీ గీశాను. ఇప్పుడు టీవీలో లేచేది ఆమే. కొందరు ఆ బొమ్మను చూసి లేస్తున్నారు, కొందరికి ఇంకా రావడం లేదు. వాళ్లకి నేనున్నాను.

ఈ ఉదయం ఆమెను ఇంటికి దిగబెట్టాను. మెట్ల కమ్మీ పట్టుకుని, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మేడ ఎక్కింది. తలుపు తీసి గాలి ఆడేలా కిటికీలు తెరిచి, తన కుర్చీలో కూర్చుంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "ఇంకా ఏం చూస్తున్నావ్? వెళ్లు. వార్డులో వాళ్లు ఇంకా కూర్చునే ఉంటారు" అని కసిరింది.

మరదలికి నా ముద్దులు. నీ క్లాసుకి నా దండాలు.

నీ అక్క